దిగేటప్పుడు నమ్మని కాలు: చీలమండ విరిగిన తరువాత కొండ నడకకు తిరిగి వెళ్లిన ఒక కేసు

ఈ కేసులోని వ్యక్తి నలభై ఏడేళ్ల ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని. అమలాపురానికి దగ్గరలో, కాలువగట్టున ఉన్న ఒక గ్రామంలో నివాసం. జీవశాస్త్రం చెబుతారు. పదకొండేళ్లుగా ప్రతి శీతాకాలం నలుగురైదుగురు సహోద్యోగులతో కలిసి రంపచోడవరం, మారేడుమిల్లి వైపు కొండదారుల్లో కాలినడకన తిరిగి, చూసిన చెట్లను, పక్షులను నోటు పుస్తకంలో రాసుకురావడం ఆవిడ అలవాటు. ఈ వివరాలు రాయడానికి ఆవిడ అనుమతి ఇచ్చారు. గుర్తుపట్టడానికి వీలిచ్చే సంగతులను మార్చాను. క్లినిక్కులో పిలిచినట్లే ఇక్కడ కూడా టీచరుగారు అనే రాస్తున్నాను.

పదహారేళ్లుగా ఈ ప్రాంతంలో ఫిజియోథెరపీ చేస్తున్నాను. చీలమండ విరిగినవారిని ఏటా చూస్తూనే ఉంటాను. అయినా ఈ ఒక్క కేసునే వివరంగా రాయాలనిపించడానికి కారణం ఉంది. కోనసీమలో మేము ఒక కాలు "బాగుపడింది" అని చెప్పేటప్పుడు, ఆ మాటకు మా దగ్గరున్న కొలత చదునైన నేల ఒక్కటే. పరీక్ష చేసే గది చదును, వీధి చదును, చేను చదును, ఊరు మొత్తం సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ కొలతతో చూసి పంపించిన కాలు వాలు మీద నిలబడగలదా లేదా అన్నది నేను అడగవలసిన ప్రశ్న. అడగడం ఆలస్యం చేశాను. ఆ ఆలస్యం వలన ఏమైంది, తరువాత దానిని ఎలా సరిదిద్దుకున్నాము అన్నదే ఈ కేసు.

దెబ్బ, శస్త్రచికిత్స

ఆగస్టు మొదటి వారంలో కాలువ రేవు మెట్ల మీద దెబ్బ తగిలింది. జూన్‌లో నీరు వదిలిన తరువాత ఆగస్టు నాటికి కాలువలు నిండుగా పారుతుంటాయి, కింది మెట్లు నీటిలో మునిగి ఉంటాయి, నీటి అంచున ఉన్న మెట్టు మీద పాచి పట్టి ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు ఊళ్లలోకి వచ్చినప్పటి నుంచి రేవు మాకు ఇంటి గుమ్మం లాంటిదే కనుక, అక్కడ జారిపడతామన్న భయం ఎవరికీ ఉండదు. టీచరుగారు బిందె కడగడానికి దిగి, కుడి పాదం లోపలికి మడతపడగా, ఒళ్లు బరువంతా దాని మీదే పడేలా కూలబడ్డారు. చీలమండకు బయటివైపు, లోపలివైపు ఉన్న ఎముక గుబ్బలు రెండూ విరిగాయి.

వాపు తగ్గే వరకు నాలుగు రోజులు ఆగి శస్త్రచికిత్స చేశారు. బయటి ఎముకకు ప్లేటు, లోపలి గుబ్బకు రెండు స్క్రూలు వేశారు. ఆరు వారాలు ఆ కాలి మీద బరువు మోపలేదు. ఆ తరువాత ఎక్స్‌రే చూసి, వాకర్ సాయంతో కొద్దికొద్దిగా బరువు వేయమన్నారు. నా దగ్గరకు వచ్చింది తొమ్మిదో వారంలో, అక్టోబరు మధ్యలో. వచ్చినప్పుడు ఊతకర్రను కుడిచేత్తోనే పట్టుకుని ఉన్నారు. దెబ్బ తగిలిన వైపే కర్ర పట్టుకోవడం దాదాపు అందరూ చేసే పొరపాటు. కర్ర ఎదురు చేతిలో ఉంటేనే అడుగు వేసినప్పుడు బరువు పంచుకుంటుంది. మొదటి రోజు సరిదిద్దినది అదే.

మొదటి పరీక్షలో తేలినవి

గాయం శుభ్రంగా మానింది. పిక్కలో గట్టిదనం గానీ, ఒక వైపే ఎక్కువైన వేడి గానీ లేవు కనుక రక్తం గడ్డకట్టిన అనుమానం పెట్టుకోలేదు. మధుమేహం లేదు. పాదంలో స్పర్శ అంతటా సరిగానే ఉంది, శస్త్రచికిత్స మచ్చ పక్కన ఒక అంగుళం మేర మాత్రం మొద్దుబారింది. టేపును చీలమండ చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి కొలిస్తే ఎడమవైపు 50 సెం.మీ., కుడివైపు 53 సెం.మీ. వచ్చాయి. ఈ దెబ్బ తరువాత వాపు నెలల తరబడి, కొందరిలో ఏడాది వరకు ఉంటుందని ముందే చెప్పి పెట్టాను, లేకపోతే ప్రతి సాయంత్రం కాలు చూసుకుని బెంగపెట్టుకుంటారు.

పాదాన్ని నేల మీద ఆనించి, మడమ లేవకుండా, మోకాలిని గోడకు తాకించే పరీక్ష ఒకటి ఉంది. గోడకూ బొటనవేలికీ మధ్య ఎంత దూరం వరకు మోకాలు తాకగలదో కొలుస్తాము. ఎడమకాలికి 11 సెం.మీ., కుడికాలికి రెండున్నర. ఒంటికాలి మీద మడమ పైకెత్తడం ఎడమవైపు 22 సార్లు చేయగలిగారు. కుడివైపు ఒక్కసారి కూడా సాధ్యపడలేదు.

అన్నీ చూసిన తరువాత ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఫిబ్రవరికి కొండకి వెళ్లగలనాండి?" అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఫిబ్రవరికి ఏమేమి చేయగలిగితే వెళ్లవచ్చో ఒక కాగితం మీద రాసిస్తానని చెప్పాను. ఆ కాగితంలో నేను రాయకుండా వదిలేసిన అంశమే తరువాత మమ్మల్ని ఆపింది.

తొమ్మిది నుంచి పద్దెనిమిది వారాల వరకు

ఈ భాగంలో విశేషమేమీ లేదు. కీలు కదలికకు చేతితో చేసే చికిత్స, పిక్క కండరానికి కూర్చుని, ఆపై నిలబడి చేసే వ్యాయామాలు, ఒంటికాలి మీద నిలబడే సాధన, పన్నెండో వారానికి కర్ర వదిలేయడం, ఇంటి నుంచి బడికి నడక. ఇసుకలో నడిస్తే త్వరగా బలం వస్తుందని బంధువులు చెప్పారట. ఇసుకలో మడమ దిగబడి పిక్క మీద భారం ఒక్కసారిగా పెరుగుతుంది కనుక పద్నాలుగో వారం వరకు వద్దన్నాను. టీచరుగారు ప్రతిరోజూ ఉదయం వాపు కొలత, మొదటి పది అడుగుల్లో నొప్పి, నడిచిన సమయం, ఈ మూడింటినీ గళ్ల పుస్తకంలో రాసేవారు. ఇంత శ్రద్ధగా లెక్క పెట్టుకునే రోగి దొరకడం చికిత్స చేసేవారి అదృష్టం.

పద్దెనిమిదో వారానికి గోడ పరీక్ష 7 సెం.మీ.కు చేరింది. కుడి మడమ ఎత్తడం 9 సార్లు. చదునైన దారిలో గంటన్నర నడిచినా నొప్పి పదికి రెండు దాటడం లేదు. కుంటి నడక కంటికి కనిపించడం లేదు. ఎక్స్‌రేలో ఎముక అతికిందని సర్జన్ కూడా చెప్పారు. వాలు మీద ఒకసారి చూద్దామని, రాజమహేంద్రవరానికి దగ్గరలో ఉన్న కోరుకొండ లక్ష్మీనరసింహస్వామి కొండ మెట్లను ఎంచుకున్నాను. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఆధారం ఉంటుంది, ఏ మెట్టు దగ్గరైనా ఆగి వెనక్కి రావచ్చు. సగం వరకు ఎక్కి దిగుదామని నిర్ణయించుకుని డిసెంబరు మధ్యలో ఒక ఆదివారం వారి భర్తగారితో సహా వెళ్లాము.

కోరుకొండలో జరిగినది

ఎక్కడం సాఫీగా సాగింది. ఆయాసం వచ్చింది కానీ అది నాలుగు నెలలు ఇంటిపట్టున ఉన్న మనిషికి వచ్చే మామూలు ఆయాసమే. సగంలో పావుగంట కూర్చున్నాము. దిగడం మొదలుపెట్టిన తరువాత మొదటి నూరు మెట్లు కూడా బాగానే ఉన్నట్టు అనిపించింది. నేను రెండు మెట్లు కింద నడుస్తూ, వారి ముఖం చూస్తున్నానే గానీ కాళ్లు చూడలేదు. వెనుక నుంచి ఒక కుటుంబం తొందరగా దిగుతూ రావడంతో టీచరుగారు వేగం పెంచారు. నాలుగైదు మెట్ల తరువాత కుడి మోకాలు లోపలికి వాలి, మడమ ముందే లేచిపోయి, పక్కనున్న ఆధారాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆగిపోయారు. పడలేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

కూర్చున్న తరువాత వారన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఎక్కడం బానే ఉందండి. దిగేటప్పుడే ఈ కాలిని నమ్మబుద్ధి కావట్లేదు."

మిగిలిన మెట్లు దిగడానికి నలభై నిమిషాలు పట్టింది. మర్నాడు వాపు 51 నుంచి 52.5 సెం.మీ.కు పెరిగింది, మొదటి అడుగుల్లో నొప్పి ఐదుకు వచ్చింది. తిరిగి పాత స్థితికి రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ వారికి నా వలన నష్టమైనవేనని వారితోనే చెప్పాను.

లోటు ఎక్కడ ఉంది

నాలుగో రోజున వాపు కొంత తీసిన తరువాత క్లినిక్కులో 20 సెం.మీ. ఎత్తున్న పీట మీద కుడికాలితో నిలబెట్టి, ఎడమ మడమను మెల్లగా నేలకు తాకించి మళ్లీ పైకి రమ్మన్నాను. మూడుసార్లకే తుంటి ఒక పక్కకు జారింది, మోకాలు లోపలికి వాలింది, కుడి మడమ లేచింది. అదే పని ఎడమకాలి మీద నిలబడి 18 సార్లు చేశారు. చదునైన నేల మీద రెండు కాళ్లూ ఒకేలా కనిపించిన మనిషిలో ఇంత తేడా ఉందని ఆ పీట చెప్పే వరకు నాకు తెలియలేదు.

దిగుడు ఎందుకు కష్టమో కొంచెం వివరంగా చెప్పాలి. కింది మెట్టు మీదికి వెళ్లే కాలు అందరి కంటికీ కనబడుతుంది కానీ, అప్పుడు అసలు పని చేసేది పై మెట్టు మీద నిలిచి ఉన్న కాలు. ఆ కాలి మోకాలు వంగుతూ ఉంటుంది, పిక్క పాదం మీదుగా ముందుకు వాలుతుంది, ఒళ్లు బరువంతా మెల్లగా కిందికి దించవలసిన బాధ్యత దానిదే. తొడ ముందు కండరం, పిక్క కండరం రెండూ సాగుతూనే బరువును ఆపుకోవాలి. బావిలోకి నీళ్లు తోడే చేదను తాడు జారకుండా మెల్లగా దించడం లాంటి పని అది. అదే సమయంలో చీలమండ తన కదలికలో చివరి అంచు వరకు వంగాలి. చీలమండ కీలులో పిక్క ఎముకల రెండు చివరలూ కలిసి పట్టుకారులా టేలస్ అనే ఎముకను పట్టుకుని ఉంటాయి. టేలస్ ముందు భాగం వెనుక భాగం కంటే వెడల్పుగా ఉంటుంది కనుక పాదం పైకి వంగే కొద్దీ కీలు బిగుస్తుంది. విరిగి అతికిన కీలులో ఆ చివరి వంపే అన్నింటికంటే ఆలస్యంగా తిరిగి వస్తుంది. అది రాకపోతే మడమ ముందుగా లేస్తుంది, మడమ లేస్తే పట్టు పోతుంది, మోకాలు పక్కకు వాలుతుంది. కోరుకొండ మెట్ల మీద నేను చూసింది ఇదే వరుస.

అయితే తొమ్మిది వారాలు వ్యాయామం చేసిన కాలు ఈ ఒక్క పనిలో ఇంత వెనుకబడి ఎందుకు ఉండిపోయిందన్న ప్రశ్నకు సమాధానం గళ్ల పుస్తకంలో దొరికింది. మొదటి రోజు నేను చెప్పగా వారు మొదటి పేజీలో రాసుకున్న వాక్యం అది: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. చేతికర్ర వాడే రోజుల్లో ఈ నియమం అవసరం. ప్రతి ఫిజియోథెరపిస్టూ నేర్పుతాడు. ఇందులో ఉన్న అర్థమేమిటంటే, ఎక్కేటప్పుడు ఒళ్లు పైకి లేపే పనీ, దిగేటప్పుడు బరువు ఆపే పనీ రెండూ బాగున్న కాలే చేస్తుంది. కర్ర పన్నెండో వారంలో పోయింది. నియమం మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంట్లో డాబా మెట్లు, బడి మెట్లు రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగుతూ, టీచరుగారు నేను చెప్పిన మాటను తు.చ. తప్పకుండా పాటించారు. కుడికాలికి దిగుడు పని చేసే అవకాశం ఒక్కసారి కూడా రాలేదు. కోరుకొండలో మొదటి నూరు మెట్లు బాగా దిగడానికి కూడా కారణం అదే, ప్రతి మెట్టు మీదా కుడికాలు ముందు వేసి, ఎడమకాలి బలంతో దిగారు. వెనుకవాళ్లు తొందరపెట్టి, మెట్టుకొక కాలు వేయవలసి వచ్చిన క్షణంలో మాత్రమే కుడికాలికి పరీక్ష ఎదురైంది.

నియమం చెప్పిన నేనే దాన్ని ఎప్పుడు విడిచిపెట్టాలో చెప్పి ఉండవలసింది. రోగి శ్రద్ధే ఇక్కడ లోటును దాచిపెట్టింది.

వాలు లేని చోట వాలు

పందొమ్మిదో వారం చివర నుంచి కొత్త పని మొదలైంది. మొదట ఒక్క ఇటుక. పలకగా పరిచిన ఇటుక మందం సుమారు 7 సెం.మీ. ఉంటుంది. దాని మీద కుడికాలితో నిలబడి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నిదానంగా ఎడమ మడమను నేలకు తాకించాలి. ఎనిమిదేసి చొప్పున మూడు దఫాలు, రోజు విడిచి రోజు. ఎదురుగా అద్దం పెట్టుకుని మోకాలు రెండో వేలి వైపే ఉందా అని చూసుకోవాలి. వారం తరువాత రెండు ఇటుకలు, ఆ తరువాత డాబా మెట్లు. మెట్ల మీద ఇకనుంచి మెట్టుకొక కాలేనని, పాత వాక్యాన్ని పుస్తకంలో కొట్టివేయమని చెప్పాను. ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన తేదీ వేశారు.

మెట్లు వేరు, కొండదారి వేరు. మెట్టు మీద పాదం చదునుగానే ఉంటుంది. కొండవాలు మీద పాదం కిందే వాలు ఉంటుంది. డెల్టాలో అలాంటి నేల ఏటిగట్టు ఒక్కటే. గోదావరి వరదను ఊళ్ల మీదికి రానీయకుండా వేసిన గట్టు అది. టీచరుగారి ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చోట టేపుతో, ఫోనులోని కోణం కొలిచే యాప్‌తో కొలిస్తే గట్టు ఎత్తు నాలుగున్నర మీటర్లు, గడ్డి ఉన్న పక్కవాలు 22 డిగ్రీలు, బండ్లూ ట్రాక్టర్లూ ఎక్కే వాలుదారి 6 డిగ్రీలు ఉన్నాయి. వంతెన మీద నడిస్తే కాదా అని వారి భర్తగారు అడిగారు. బోడసకుర్రు వంతెన వాలు కావలసినంత పొడవు ఉంటుంది కానీ జాతీయ రహదారి మీద లారీల పక్కన, ఇంకా తడబడే కాలితో నడవడం నాకు ఇష్టం లేదు.

ఎక్కవలసిన ఎత్తును మొత్తంగా లెక్కపెట్టే పద్ధతి పెట్టుకున్నాము. ఫిబ్రవరిలో వెళ్లదలచిన దారిలో ఎత్తు సుమారు 240 మీటర్లని వెనుకటి ఏడాది పుస్తకంలో ఉంది. ఇరవై ఒకటో వారంలో గట్టు పదిసార్లు, అంటే 45 మీటర్లు. ఎక్కడం గడ్డివాలు మీదుగా, దిగడం వాలుదారి మీదుగా. సంక్రాంతి వారంలో ఇల్లంతా బంధువులు, కాబట్టి పెంచలేదు, మానలేదు. ఇరవై మూడో వారంలో ఇరవైసార్లు, ఈసారి సగం దిగుళ్లు గడ్డివాలు మీద, ఏటవాలుగా అటూ ఇటూ మలుపులు తిరుగుతూ. ఇరవై నాలుగులో ముప్పైసార్లు, ఇరవై ఐదులో నలభైసార్లు, అంటే 180 మీటర్లు. కొండ ఎత్తును పూర్తిగా ఇక్కడే చేసి చూపాలన్న పట్టుదల నాకు లేదు. మూడొంతులు చేయగలిగి, మర్నాడు కాలు మామూలుగా ఉంటే చాలు.

గట్టు పని వారానికి రెండు రోజులే, మధ్య కనీసం రెండు రోజుల విరామంతో పెట్టడానికి కారణం ఉంది. దిగుడు వలన వచ్చే కండరాల నొప్పి అదే రోజు తెలియదు. ఒకటి రెండు రోజుల తరువాత పెరుగుతుంది. మంచి విషయమేమిటంటే, ఒకసారి ఆ నొప్పి పడి కోలుకున్న కండరం అదే పనిని రెండోసారి చేసినప్పుడు అంత నొప్పి పడదు, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. కొండకు వెళ్లే ముందు గట్టు మీద దిగడంలో నాకు కావలసినది బలం ఎంతో ఆ రక్షణ కూడా అంతే. పని పెంచాలా వద్దా అన్నది మర్నాటి ఉదయమే చెబుతుంది. నడిచేటప్పుడు నొప్పి మూడు దాటకూడదు, మర్నాడు లేచిన వెంటనే వేసే పది అడుగులు ముందటి రోజు ఉదయంలాగే ఉండాలి, టేపు కొలత అర సెంటీమీటరు కంటే పెరగకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా తరువాతి విడత పెంచకుండా అదే మోతాదు.

గట్టు మీద ఒకే చోట ఎక్కి దిగుతుంటే దారినపోయేవారు ఆగి "ఏమన్నా పడేసుకున్నారాండి?" అని అడిగేవారట. మూడో వారం నుంచి బడిపిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి గట్టు మీద కూర్చుని, ఒక్కో దిగుడుకు ఒక్కో చింతపిక్క వేరుచేసి లెక్క చూసేవారు. ఈ సంగతి రాయడానికి కారణం ఉంది. ఒంటరిగా చేసే వ్యాయామాన్ని చాలామంది మధ్యలోనే మానేస్తారు. లెక్క చూసేవారు ఉన్న వ్యాయామం సాగుతుంది.

గతుకుల నేలకు కొబ్బరి తోట ఉంది. బోదెలు దాటుతూ, రాలిన మట్టలు, డొక్కల మధ్య అడుగు చూసి వేస్తూ అరగంట నడక. చేలగట్లు ఇంకా మంచివే కానీ జనవరిలో దాళ్వా నాట్లకు నీరు పెట్టిన తరువాత అవి జారుతాయి కనుక వాటిని మానుకున్నాము.

చెప్పులు, కర్రలు, సంచి

కొండకని వారు ఇన్నేళ్లుగా నమ్మిన ఎత్తు బూట్లు ఈసారి పనికిరాలేదు. బయటి ఎముక మీది ప్లేటు పలుచని చర్మం కిందే ఉంటుంది. బూటు పై అంచు సరిగ్గా దాని మీద ఒరుసుకుని, రెండో రోజుకే ఎర్రగా కందింది. స్పాంజిని ఉంగరంలా కత్తిరించి ప్లేటు చుట్టూ పెట్టి చూశాము. నడుస్తుంటే జరిగిపోయింది. చివరకు చీలమండ కిందనే ఆగే, అడుగున లోతైన గాళ్లున్న బూట్లు కొన్నారు. ఎత్తు బూటు చీలమండను కాపాడుతుందన్న నమ్మకం బలంగా ఉంది కానీ, ఈ కాలికి కాపు కండరాలే కావాలి, ఒరుసుకునే అంచు కాదు. దిగేముందు లేసులు మళ్లీ బిగించి కట్టుకోవాలని, వేళ్లు బూటు ముందుకు గుద్దుకోకుండా గోళ్లు తీసుకోవాలని కూడా చెప్పాను.

రెండు చేతుల్లో రెండు కర్రలు తప్పనిసరి చేశాను. దిగేటప్పుడు కర్రలు మోకాళ్ల మీద పడే భారాన్ని కొంత తగ్గిస్తాయి, అంతకంటే ముఖ్యంగా పై కాలు బరువు ఆపుకునే క్షణంలో మరో రెండు ఆధారాలు ఉంటాయి. చదునులో మోచేయి లంబకోణంలో వంగేంత పొడవు, దిగుడులో దానికంటే కొంచెం ఎక్కువ. పొడవు మార్చుకునే కర్రలు వారి సహోద్యోగి ఒకరు ఇచ్చారు, లేకపోతే వెదురు కర్రలను పైన ఒకచోట, కింద ఒకచోట పట్టుకునేలా గుడ్డ చుట్టి ఇచ్చి ఉండేవాణ్ణి.

సంచిలో బరువుకు నీళ్ల సీసాలే పెట్టించాను. లీటరుకు కిలో, లెక్క తేలిక. ఎక్కేటప్పుడు మూడు లీటర్లతో ఎక్కి, దిగేముందు అవసరానికి మించిన నీటిని పారబోస్తే దిగుడు తక్కువ బరువుతో జరుగుతుంది.

రెండోసారి కోరుకొండ, ఆ తరువాత మారేడుమిల్లి

ఇరవై ఐదో వారంలో మళ్లీ కోరుకొండ వెళ్లాము. ఈసారి నేను రెండు మెట్లు వెనుక నడిచాను, కాళ్లు చూడడానికి. మెట్టుకొక కాలు, యాభై మెట్లకొక విశ్రాంతి, ఎవరు తొందరపెట్టినా పక్కకు నిలిచి వారిని ముందుకు పోనివ్వడం. క్రితంసారి ఆగిపోయిన చోట టీచరుగారు తమంతట తామే ఆగి, ఊపిరి తీసుకుని, ఎడమకాలు కిందికి వేశారు. కుడి మడమ లేవలేదు. మర్నాడు వాపు అర సెంటీమీటరు పెరిగి సాయంత్రానికి పోయింది. పీట పరీక్ష కుడివైపు 14కు చేరింది. వెళ్లవచ్చని అప్పుడు చెప్పాను.

ఇరవై ఆరో వారంలో పనిని సగానికి తగ్గించాము. ఇరవై ఏడో వారంలో, ఫిబ్రవరి మధ్యలో, ఆరుగురు బయలుదేరారు. నేను వెళ్లలేదు, ఇక్కడ రాసేది వారి పుస్తకం నుంచి, సహోద్యోగి తీసిన వీడియోల నుంచి. ముందురోజు రాత్రి మారేడుమిల్లిలో బస, అటవీశాఖ అనుమతి, దారి తెలిసిన ఒక కొండరెడ్డి యువకుడు తోడు. ఆ దారుల్లో చాలాచోట్ల ఫోను అందదు కనుక జీపును కిందే ఆపి ఉంచడం, కాలు నొప్పి నాలుగు దాటితే ఎక్కడున్నా వెనక్కి తిరగడం, పదకొండు గంటలకు ఎక్కడికి చేరితే అక్కడి నుంచి దిగడం, ఈ మూడూ ముందే అందరి ఎదుట ఒప్పుకున్నవి. గుంపులో నడిచేవారు తమ వలన మిగిలినవారు ఆగిపోకూడదని నొప్పిని దాచుకుంటారు, ముందే ఒప్పుకున్న హద్దు ఉంటే ఆ మొహమాటం ఉండదు.

మొత్తం ఆరున్నర కిలోమీటర్లు. ఎక్కడానికి గంటా యాభై నిమిషాలు, దిగడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. ఫిబ్రవరిలో అక్కడ ఆకులు రాలి దారి మీద మందంగా పరుచుకుని ఉంటాయి, కింద రాయి ఉందో గుంట ఉందో తెలియదు. కర్రతో ముందు పొడిచి చూసి, తరువాత పాదం వేశారు. మూడు చోట్ల పక్కకు తిరిగి దిగారు. ఒక బండ దగ్గర కూర్చుని చేతుల సాయంతో జారారు. కూర్చుని దిగడం ఓటమి కాదని, అలాంటి చోట అదే సరైన పద్ధతని ముందే చెప్పి ఉంచినందుకు వారు వెనుకాడలేదు. ఆ రోజు పుస్తకంలో మామూలుగా ఉండే పక్షుల పేర్ల కింద ఒక వాక్యం ఉంది: "కుడికాలి మీద నిలబడి ఎడమకాలు కిందికి దించినవి 214 వరకు లెక్కపెట్టాను. ఆ తరువాత లెక్క మరిచిపోయాను."

నాకు ఆ వాక్యంలో రెండో భాగం ముఖ్యం. నమ్మిన కాలినే మనం మరిచిపోగలం.

మర్నాడు వాపు ఒక సెంటీమీటరు పెరిగి, మూడో రోజుకు తగ్గింది. తొడలు రెండు రోజులు నొప్పి పెట్టాయి. ఏ తొడ ఎక్కువ అని ఫోనులో అడిగాను. "రెండూ ఒకటేలా ఉన్నాయండి, మెట్లు దిగుతుంటే రెండూ అరుస్తున్నాయి" అన్నారు. ఒక తొడే నొప్పి పెట్టి ఉంటే పని అంతా ఆ కాలే చేసిందని అర్థం.

ప్రస్తుత స్థితి

గోడ పరీక్ష 9 సెం.మీ. దగ్గర నిలిచింది. ఎడమకాలి 11ను అది అందుకుంటుందని నేను అనుకోవడం లేదు, అందుకోకపోయినా నడకకు ఇది సరిపోతుంది. కుడి మడమ ఎత్తడం 19. చలి ఉదయాల్లో బిగుతు ఉంది. ప్లేటు తీయించాలా వద్దా అన్నది బూటు ఒరుపు ఎలా ఉంటుందో చూసి సర్జన్‌తో మాట్లాడతారు. తడినేల మీద దిగుడు ఈ ఏడాదికి వద్దని చెప్పాను, కనుక వానాకాలంలో కొండలు లేవు. నా క్లినిక్కులో మెట్ల నియమం రాసిచ్చే కాగితంలో ఇప్పుడు అడుగున ఒక గీత ఉంది, ఆ నియమాన్ని విడిచిపెట్టవలసిన తేదీ రాయడానికి. కర్ర తీసేసే రోజున ఆ తేదీ నింపుతున్నాను. చివరి పరీక్షలో పీట మీద దిగి చూపించనిదే ఎవరినీ పంపించడం లేదు, కొండలకు వెళ్లే అలవాటు లేనివారిని కూడా, ఎందుకంటే ఏటిగట్టు, డాబా మెట్లు, రేవు ఇవన్నీ మాకు దిగుళ్లే.

ఒక పని మిగిలి ఉంది. మారేడుమిల్లి కొండ దిగి వచ్చిన టీచరుగారు తమ ఇంటి ముందున్న రేవు మెట్లు ఇప్పటికీ దిగడం లేదు. కాలు దిగగలదు, నేను కొలిచాను. "కొండ వేరండి, రేవు వేరు" అంటారు. ఆ మెట్టు చూస్తే అరికాలు చల్లబడుతుందట. వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత, మెట్లు పూర్తిగా ఎండి ఉన్న రోజు చూసి, పై మూడు మెట్లతో మొదలుపెడదామని అనుకున్నాము.